‘చాలు’ అనే పాటముక్క

వాన వెలిసింది.

చూరు వెలవలేదు.

రేకు అంచున నీరు కూడుకుంటుంది, బరువెక్కుతుంది, జారుతుంది. కింద పెట్టిన సత్తు బకెట్లో పడుతుంది. టప్ టప్ టప్... టప్. మూడు తొందరగా, ఒకటి ఆగి. రేకు అక్కడ కాస్త వంగింది మరి. నీళ్లకేం తెలుసు పాపం, వంపు ఎటు చూపిస్తే అటు.

గది నిండా తడి బట్టల వాసన, నిప్పుల వాసన. ఇస్త్రీ బల్ల ఇటు. ఆయన మంచం అటు. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు.

ఆమె చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనించింది. చుయ్యిమంది.

వెనక మంచం మీద ఆయన పెదవులు గుండ్రంగా చుట్టాడు. గొంతులోంచి సన్నగా ఒక ముక్క. పాట కాదు, పాటలో ముక్క. నాలుగే స్వరాలు. మూడు తొందరగా దిగి, నాలుగోది ఆగి... మెట్లు దిగేవాడు ఆఖరి మెట్టు మీద నిలబడి వెనక్కి చూసినట్టు.

“గంజి పట్టడం ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే చాలంటే ఎలాగండీ?” అని నవ్వింది ఆమె, తల తిప్పకుండానే.

నవ్వింది.

ఆ నవ్వే తరువాతి రోజుల్లో గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. మింగితే దిగలేదు, కక్కితే రాలేదు.

ఆయనకి మాట పోయింది.

పోయిందంటే — నాలుక పోలేదు. గొంతు పోలేదు. చెవులు బంగారంలా ఉన్నాయి. మాట ఒక్కటే పోయింది. గూట్లోంచి పిట్ట ఎగిరిపోయినట్టు. గూడు గూడులాగే ఉంది, పుల్ల కూడా కదల్లేదు.

ఒక పొద్దున లేచి మంచినీళ్లు అడగబోయి “గొడుగు” అన్నాడు. ఆమె ఎండలో గొడుగేమిటని సణుక్కుంటూనే తెచ్చిచ్చింది. ఆయన గొడుగుకేసి చూసి ఏడ్చాడు. అప్పుడు చూసింది ఆమె, కుడిచెయ్యి పక్కన పడి ఉండటం. ఎవరో మరచిపోయి వెళ్లిన సామానులా.

తలలో నరం పూడిందంది డాక్టరమ్మ. “మాటలుండే చోటు దెబ్బతిందమ్మా. పాటలుండే చోటు వేరు. అది బాగానే ఉంది.”

ఒకే ఇంట్లో రెండు వాటాలన్నమాట. ఒక వాటా కూలింది. రెండో వాటాలో దీపం వెలుగుతోంది.

ఆ దీపం చాలనుకుంది ఆమె.

అవును, కాదు కూడా కలిసిపోయాయి ఆయనకి. ఆకలేస్తోందా అంటే తల ఊపుతాడు, చెంచా పెడితే పళ్లు బిగిస్తాడు. నొప్పిగా ఉందా అంటే లేదని అడ్డంగా ఊపుతాడు, కళ్లవెంట నీళ్లు కారుతుంటాయి. ఆ తల ఊపుని నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే.

ఇక మిగిలింది పాట.

ఆయన బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. ఊరేగింపు బ్యాండు. పెళ్లికీ వాళ్లే, చావుకీ వాళ్లే. కోటు ఒకటే, ఇత్తడి బొత్తాలు ఒకటే, మార్చుకోవలసింది మొహాలొక్కటే. అందరూ ‘పీకాయన’ అనేవారు. ఆమెని ‘ఇస్త్రీ అక్క’ అనేవారు. ఒకరు పీక, ఒకరు పెట్టె, ఇంక సంసారానికి లోటేముందని డ్రమ్ము కొట్టేవాడు ఎగతాళి చేసేవాడు.

ఆ డ్రమ్ము కొట్టేవాడు ఆయనకి కుడిభుజం. పేరు పోయి ‘పిడుగు’ మిగిలింది. బతుకంతా డ్రమ్ము పక్కనే నిలబడ్డాడేమో, చెవులు సగం పోయాయి. వాడు రహస్యం చెబితే వీధి చివరి కుక్క కూడా లేచి కూర్చునేది.

ఊరేగింపులో మాట పనికిరాదు. డ్రమ్ము మోగుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా గాలికే. అందుకని బ్యాండుకి కొన్ని ముక్కలుండేవి. వాయిస్తున్న పాట మధ్యలో, దండలో వేరే రంగు పువ్వు గుచ్చినట్టు, ఆయన ఒక ముక్క దూర్చేవాడు. చూసేవాళ్లకి తెలియదు. బ్యాండువాళ్లకి తెలుసు. పైకెక్కే ముక్క ‘మలుపు’ — వీధి తిరగండి. ఉయ్యాల ఊగే ముక్క ‘నెమ్మది’ — వెనక ముసలివాళ్లున్నారు, అడుగు తగ్గించండి.

నాలుగు స్వరాలు దిగే ముక్క... ‘చాలు’.

చేరవలసిన చోటికి చేరాం. ఇక ఆపండి. చేతులు దించండి.

అది వినగానే బ్యాండంతా ఒక్క గుక్కలో ఆగేది. అంత చప్పుడు మీద అంత నిశ్శబ్దం పడేది, పొంగుతున్న పాల మీద నీళ్లు చల్లినట్టు. ఆ నిశ్శబ్దంలో ఆయన కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం చెప్పే మనిషా.

మంచాన పడ్డాక ఒకనాడు ఆయన ఒకటే గింజుకున్నాడు. దిండు సర్దింది — కాదు. నీళ్లు పట్టింది — కాదు. దుప్పటి తీసింది, కప్పింది, మళ్లీ తీసింది. ఆయన మాత్రం పైకెక్కే ఒక కూనిరాగం తీస్తూనే ఉన్నాడు, మళ్లీ మళ్లీ, మొహం ఎర్రబడేదాకా.

అప్పుడే పిడుగు గుమ్మంలో కాలు పెట్టాడు.

“మలుపక్కా! మలుపంటున్నాడు, వినబడట్లేదూ? చెవుడు నాకా నీకా?”

“మలుపేమిట్రా నా మొహం! మంచం మీద మలుపెక్కడుంది?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు తట్టింది. చెరోవైపూ పట్టి ఆయన్ని పక్కకి తిప్పారు. ఇస్త్రీకొచ్చిన ఎవరి చొక్కాదో, ఊడిన బొత్తాం ఒకటి వీపు కింద చేరి చర్మం మీద గుండ్రంగా అచ్చు వేసింది.

ఆయన నిట్టూర్చాడు. తరువాత నవ్వాడు. సగం మొహంతో, వంకరగా... అయినా నవ్వే.

ఆ రోజు ఆ గదిలోకి భాష వచ్చింది.

ఆమె పిడుగుని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి ముక్కలన్నీ నేర్చుకుంది. వాడిది కాకి గొంతు, ఆమెది తుప్పు గొంతు. ఇద్దరూ పాడుతుంటే ఆయన ఎడమచెయ్యి చెవి మీద పెట్టుకునేవాడు. నెమ్మది అంటే గంజి తొందరగా పోస్తున్నావని. మలుపంటే పక్కకి తిప్పమని. చాలు అంటే కడుపు నిండింది, గిన్నె తియ్యమని. గిన్నె తీస్తే ఊరుకునేవాడు. మరి ఇంకేం రుజువు కావాలి?

ఆమె పొంగిపోయింది. కాపురానికొచ్చిన నాటినుంచి ఆయన ఆమెతో ఇంత మాట్లాడిందే లేదు. మాట ఉన్నన్నాళ్లూ ‘ఊ’, ‘ఆ’, ‘కోటేదీ’. మాట పోయాక పొద్దస్తమానమూ కబుర్లే.

“మీ ఆయనకి మాటొచ్చిందటగా?” అని వీధిలో ఎవరైనా అడిగితే, “మాటెందుకమ్మా, అబద్ధాలాడటానికా? పాటొచ్చింది” అనేది, మెడ నిటారుగా పెట్టి.

అప్పుడప్పుడూ పొంతన కుదిరేది కాదు.

కుళాయి దగ్గర ఆలస్యమై బిందెతో తిరిగొస్తే, ఖాళీ గదిలో ఆయన చాలు పాడుతూ ఉండేవాడు. ఎవరితో? ఏం చాలు? కరెంటు పోయిన సాయంత్రం అదే ముక్క. వాన వెలిసిన పొద్దున అదే ముక్క. విసుగెత్తి అంటున్నాడులే అనుకునేది ఆమె. చిరుగు కనబడితే అతుకు వేసినట్టు, అర్థం కుదరని చోట తనే ఒక అర్థం వేసి కుట్టేసేది. గట్టిగానే కుట్టేది. చేతికి అలవాటైన పనే కదా.

వానలు పట్టాయి.

వానతో పాటు దగ్గు వచ్చింది. దగ్గుతో జ్వరం వచ్చింది. పొరబోయిన గంజి ఊపిరితిత్తుల్లోకి దిగిందంది డాక్టరమ్మ. ఆయన ఛాతీ పాత హార్మోనియం తిత్తిలా లేస్తోంది, పడుతోంది, లేవనా మాననా అని ఆలోచిస్తోంది.

డాక్టరమ్మ మంచిది. నిలబడి చెప్పలేదు, పీట మీద కూర్చుని చెప్పింది.

“ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తే గొట్టం వేసి మిషను పెడతాం. బతకొచ్చమ్మా. బతక్కపోవచ్చు. వద్దంటే ఇక్కడే ఉంచండి, బాధ తెలియకుండా మందిస్తాను. తెలివిలోనే ఉన్నారు, ఆయన్నే అడగండి. ఆయన మాట అర్థమయ్యేది మీకొక్కరికేగా.”

మీకొక్కరికేగా.

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. డాక్టరమ్మ బయటికెళ్లి వాకిట్లో నిలబడింది. గొడుగు మూసింది. వాన అప్పుడే వెలిసింది.

“ఏమండీ.”

ఆయన ఎడమచెయ్యి అందుకుంది.

“ఆసుపత్రికి వెళ్దామా? గొట్టం వేస్తారట. లేకపోతే ఇక్కడే ఉందామా? మీరేమంటే అదే. నా ఇష్టం ఏం లేదు ఇందులో.”

ఆయన చూశాడు. కళ్లు ఇంతింత చేసుకుని చూశాడు. ఆమె వేళ్లు పట్టుకున్నాడు. చచ్చిన చెయ్యి బలం కూడా ఈ చేతిలోకే వచ్చిందా అన్నంత గట్టిగా పట్టుకున్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

మూడు తొందరగా దిగి... నాలుగోది ఆగి...

మళ్లీ.

మళ్లీ.

ఆమెకి ఆ ముక్క తెలుసు. తన పేరెంత తెలుసో అంత తెలుసు. అందులో ఎంత బాధ ఉందో, ఎంత ప్రేమ ఉందో, ఎంత బతిమాలుకోవడం ఉందో... వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి గుండెలో దిగింది. ఏ మనిషీ ఏ మాటతోనూ ఇంత బాగా చెప్పలేడు అనుకుంది.

గుమ్మం దగ్గర పిడుగు తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు.

“చాలంటున్నాడక్కా.”

పుట్టి బుద్ధెరిగాక వాడు మెల్లగా మాట్లాడింది అదొక్కసారే.

ఆమె లేచింది. ఆయన వేళ్లు వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీసుకుని లేచింది.

“చాలన్నారండీ,” అని చెప్పింది డాక్టరమ్మతో.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పోయాడు. అప్పటిదాకా, ఊపిరి చిక్కినప్పుడల్లా అదే ముక్క. నాలుగు స్వరాలు మూడయ్యాయి. మూడు రెండయ్యాయి. ఆమె తల నిమురుతూ “తెలిసిందండీ, తెలిసింది” అంటూనే ఉంది.

తెలిసిందట.

బ్యాండు వచ్చింది. వాళ్ల మనిషికి వాళ్లే వాయించుకున్నారు. వీధి తిరిగేచోట మలుపు చెప్పేవాడు లేక సగంమంది ముందుకి పోయారు. చివర ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు. బాకాలు ఒక్కొక్కటే మానేశాయి. డ్రమ్ము మాత్రం చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది, తల్లి చెయ్యి వదిలిన పిల్లలా. తరువాత అదే అలిసి ఆగింది.

ఆయన అక్క ఆలస్యంగా వచ్చింది. దూరం నుంచి రావాలి, పెద్దది, వానలకి దారులు తెగాయి. కర్ర పోటేసుకుంటూ వచ్చి తమ్ముడి మంచం మీద కూర్చుని పరుపు తడిమింది. కాసేపు ఏడ్చింది. కాసేపు తమ్ముణ్ని తిట్టింది. ఏడ్చినా తిట్టినా ఒకటే రాగం.

“నన్ను దాటి ముందెళ్లడానికి వాడెవడే? వరసలో నిలబడటం చిన్నప్పుడూ రాలేదు వెధవకి.”

ఆమె వదినగారికి వేడి టీ ఇచ్చింది. ఓదార్చాలనుకుంది. తన దగ్గరున్న ఒకే ఒక ఓదార్పు అదే కదా, దాన్ని తీసి ముందు పెట్టింది.

“కడసారి నిర్ణయం ఆయనే చేశారు వదినా. నేను కాదు. పాడి చెప్పారు.”

“ఏం పాడాడు?”

ఆమె పాడింది. తుప్పు గొంతుతోనే, తప్పు లేకుండా.

మూడు తొందరగా. ఒకటి ఆగి.

వదినగారి చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. ముడతల మొహం విప్పారింది. ఎన్నేళ్లకో చుట్టాన్ని చూసినట్టు నవ్వింది.

“ఓసి... అది మా అమ్మది కదే పిల్లా!”

చెప్పుకొచ్చింది. నాన్న లేడు. అమ్మ నూలు మిల్లులో పని. ఇద్దరినీ గదిలో పెట్టి, బయట గొళ్లెం వేసి పోయేది. చీకటి పడితే వీడు తలుపుకి అంటుకుపోయి వణికేవాడు. అమ్మ వీధి మొదట్లోకి వచ్చి ఆ ముక్క పాడేది, వచ్చేస్తున్నా అని. వీడు లోపలినుంచి అదే తిప్పి పాడేవాడు.

“అమ్మా రా, తలుపు తియ్యి, భయమేస్తోంది అన్నట్టన్నమాట. పెద్దాడయ్యాక కూడా జ్వరమొస్తే అదే, కలొస్తే అదే. మీసాలొచ్చాక కూడా పాడితే నేను ఏడిపించేదాన్ని.” టీ ఊదుకుంది. “నన్ను వదలకు, ఉండు, అన్నాడే తల్లీ. నిన్ను అమ్మే అనుకున్నాడు. అంతకంటే ఏం కావాలి ఆడదానికి?”

ఓదార్చాననే అనుకుంది ముసలావిడ.

ఆమె లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. మడత పెట్టిన చొక్కా విప్పింది. మళ్లీ మడత పెట్టింది. లోపల మాత్రం కుట్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి. కుళాయి దగ్గర ఆలస్యమైన రోజు... టప్. కరెంటు పోయిన సాయంత్రం... టప్. గంజి గిన్నె — నిండిందనా, పొరబోతోందని భయపడా?

వేళ్లు.

ఒక్కొక్కటే విడదీసిన వేళ్లు.

పిడుగు వచ్చినప్పుడు అడిగింది. అరవాల్సి వచ్చింది, వాడికి వినబడాలిగా. ప్రపంచంలో ఎవరికీ వినబడకూడని మాట, వీధంతా వినబడేలా అరిచింది.

“ఆ ముక్కకి చాలు అని పేరెట్టిందెవర్రా? ఆయనేనా?”

పిడుగు గుర్తు చేసుకున్నాడు. తాపీగానే మొదలెట్టాడు పాపం, ఎటు పోతోందో తెలియక.

“వాడా? వాడు దేనికీ పేరెట్టలేదక్కా. మొదట్లో వాయించి వాయించి చేరాల్సిన ఇంటి గుమ్మంలోకి రాగానే ఆ ముక్క వాయించేవాడు. ఎందుకురా అంటే నవ్వేవాడు. గుమ్మం వచ్చింది గదాని మేం ఆపేసేవాళ్లం. అలా అలా... చాలు అని నేనే అన్నాను. కొత్తగా చేరినవాళ్లకి చెప్పడానికి ఏదో ఒక మాట ఉండాలి గదా...”

అక్కడ ఆగాడు.

వాడి మొహంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. వాడు లేచాడు. చెప్పులేసుకోవడం కూడా మరచిపోయి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి.

అయినా వదినగారు చెప్పింది మాత్రం నిజమని ఎవరు చెప్పాలి? ఎన్నేళ్లు బ్యాండులో అదే ముక్కతో ఆపాడాయన! వేల గుమ్మాల ముందు. వాయించి వాయించి అమ్మ రావడమూ, చప్పుడు ఆగడమూ ఆయనకి ఒకటే అయిపోయాయేమో. నిజంగా చాలన్నాడేమో. ‘చాలు’ అంటే ఆయనకి ‘ఇంటికొచ్చేశాం’ అనేమో. లేక భయమేస్తోంది, నన్ను బతికించు అనేనేమో.

ఎవర్నడగాలి?

మాటయితే పట్టుకుని నిలదీయొచ్చు. ఏమన్నావు, మళ్లీ అను అనొచ్చు. మాట అబద్ధమాడుతుంది, కాని ఏదో ఒకటే ఆడుతుంది. పాట అబద్ధమాడదు. నొప్పి ఉందంటుంది, ఎక్కడో చెప్పదు. గుండెని పిండి చేతిలో పెడుతుంది, దేనికో చెప్పదు. రమ్మన్నా పొమ్మన్నా దానిది అదే గొంతు.

ఆమెకి ఆ రోజు అంతా అర్థమైంది. ఆయనలో ఉన్నదంతా, చుక్క కింద పడకుండా. అర్థం కానిది ఒక్కటే. ఉండాలంటున్నాడా, పోవాలంటున్నాడా.

అది ఒక్కటే కావలసింది.

ఇప్పుడు ఆ సందులో ఆమె పక్కకి తిరగకుండా నడవొచ్చు. మంచం ఎవరికో ఇచ్చేసింది. అయినా పక్కకి తిరిగే నడుస్తుంది.

క్లారినెట్టు గోడకి ఉంది. గాలి వీస్తే దాని కంతల్లో దూరి ఏదో అంటుంది. ఏమంటుందో అని ఆమె కొన్నాళ్లు చెవి పెట్టింది. తరువాత కంతల్లో గుడ్డ కుక్కింది.

మళ్లీ వాన.

పగలంతా కురిసి కురిసి, ఇస్త్రీ బట్టలకి తేమ పట్టించి, వెలిసింది. ఆమె చొక్కా పరిచింది. కాలరు మీద నీళ్లు చిలకరించింది. పెట్టె ఎత్తింది.

టప్ టప్ టప్...

టప్.

పెట్టె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

ఆ రోజు కూడా వాన అప్పుడే వెలిసింది. డాక్టరమ్మ గొడుగు మూసింది. ఆయన కళ్లు ఇంతింత చేసుకుని చూశాడు. తనకేసే చూశాడా? తన భుజం మీదుగా, గుమ్మంలోంచి, చూరుకేసి చూశాడా?

చూరు ఎలా అంటే అలా అన్నాడా?

అంతేనా?

వెళ్లి బకెట్టు పక్కకి లాగింది. నీళ్లు నేలమీద పడ్డాయి. నేల కూడా అదే అంది. రేకు వంపు సరిచేద్దామని కర్ర తెచ్చింది. బట్టల తీగకి ఆసరాగా పెట్టే కర్ర. కర్ర రేకుకి ఆనించి, నొక్కలేక, అలాగే నిలబడింది. రేకు సరిచేస్తే ఆ ముక్క అనేవాళ్లు ఇంక ఎక్కడా ఉండరు.

కర్ర దించింది. బకెట్టు తిరిగి చూరు కిందికి జరిపింది.

వీధి మొదట్లోంచి వస్తున్న మనిషిలా గొంతు సవరించుకుంది. పెదవులు చుట్టింది. పాడింది. వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా... ఆయన చిన్ననాటి గది వైపు, గొళ్లెం పెట్టిన తలుపు వైపు.

ఆగి వింది.

చూరు అంచున నీరు కూడుకుంది. బరువెక్కింది.

మూడు తొందరగా పడ్డాయి.

నాలుగోది...